ఫోటో వెనుక రాత: డిజిటల్ చిత్రాల్లో దాగిన సమాచారం, దాన్ని తొలగించే పద్ధతి



మనం రోజూ తీసే ఫోటోలతో పాటు కంటికి కనిపించకుండా ప్రయాణించే సమాచారం గురించి ఈనాటి పాఠం. ఆ సమాచారం ఏమిటి, అది ఫైలులో ఎక్కడ ఉంటుంది, వందల ఫోటోల నుంచి ఒకేసారి దాన్ని ఎలా తీసెయ్యాలి, ఎప్పుడు తీయకూడదు - ఈ నాలుగు విషయాలూ వరుసగా తెలుసుకుందాం.

పూర్వం స్టూడియోలో తీయించుకున్న ఫోటోను వెనక్కి తిప్పితే స్టూడియో వారి రబ్బరు ముద్ర ఉండేది. దాని కింద ఇంట్లో పెద్దవాళ్లు ‘అక్కయ్య నిశ్చితార్థం, రాజమండ్రి’ అని తేదీ వేసి రాసిపెట్టేవారు. ఆ ఫోటో ఎవరికైనా ఇస్తే వెనుక రాత కూడా వాళ్ల చేతికి వెళ్లేది. డిజిటల్ ఫోటోకు కూడా అలాంటి వెనుక వైపు ఒకటి ఉంది. దాని మీద రాసేది మాత్రం మనం కాదు, కెమెరాయే రాస్తుంది. అందుకే అక్కడ ఒక రాత ఉందన్న సంగతే చాలామందికి తెలియదు.

సమాచారాన్ని వివరించే ఈ సమాచారాన్ని మెటాడేటా అంటారు.

ఈ రాత ఎందుకు పుట్టింది?

1995లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘం ఒకటి డిజిటల్ కెమెరాల కోసం ‘ఎగ్జిఫ్’ అనే ప్రమాణాన్ని తయారుచేసింది. ఉద్దేశం మంచిదే. ఫోటో ఏ తేదీన తీశారు, షట్టరు ఎంతసేపు తెరిచి ఉంది, కటకపు రంధ్రం ఎంత, ఫ్లాష్ వెలిగిందా లేదా అన్న వివరాలు ఫోటోలోనే ఉంటే, ఫోటోగ్రాఫర్ తరువాత చూసుకుని నేర్చుకోవచ్చు. ఫోటోలను తేదీల వారీగా సర్దుకోవచ్చు. ఈ ప్రమాణం ఇప్పటికీ కొనసాగుతోంది. దాని 3.0 రూపం 2023లో వచ్చింది.

ఎగ్జిఫ్ ఒక్కటే కాదు. వార్తాసంస్థల కోసం అంతర్జాతీయ పత్రికా సమాచార మండలి రూపొందించిన ‘ఐపీటీసీ’ పద్ధతి ఉంది. అందులో ఫోటోగ్రాఫర్ పేరు, చిత్ర వివరణ, హక్కుల వివరాలు ఉంటాయి. 2001లో అడోబీ సంస్థ తెచ్చిన ‘ఎక్స్‌ఎంపీ’ అనే మరో పద్ధతి ఉంది. ఒకే ఫోటోలో ఈ మూడూ ఉండవచ్చు. ఒకే విషయం మూడు చోట్లా రాసి ఉండవచ్చు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తొలగించేటప్పుడు అవసరం వస్తుంది.

మొబైల్ ఫోన్లలో జీపీఎస్ చేరాక ఈ రాత స్వభావమే మారిపోయింది. లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే, ఫోటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలను కూడా కెమెరా రాసేస్తుంది.

ఎంత కచ్చితంగా రాస్తుంది? ఒక లెక్క వేసి చూద్దాం. ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద సుమారు 111 కిలోమీటర్లు. అందులో 60వ వంతు ఒక నిమిషం, అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు. అందులో మళ్లీ 60వ వంతు ఒక సెకను, అంటే సుమారు 31 మీటర్లు. హైదరాబాదు చార్మినార్ దగ్గర తీసిన ఫోటోలో ‘ఉత్తరం 17 డిగ్రీలు 21 నిమిషాలు 41.8 సెకన్లు, తూర్పు 78 డిగ్రీలు 28 నిమిషాలు 28.9 సెకన్లు’ అని ఉంటుంది. సెకనులో పదో వంతు వరకూ రాశారంటే దాదాపు 3 మీటర్ల మేరకు చెప్పినట్లు. ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోనులోని జీపీఎస్ దాదాపు 5 మీటర్ల లోపు తేడాతో స్థానాన్ని చెప్పగలదు. చార్మినార్‌కు దీనివల్ల నష్టం లేదు. అదే మీ ఇంటి వాకిట్లో తీసిన ఫోటో అయితే? అయిదు మీటర్లంటే ఫలానా వీధి అని కాదు, ఫలానా గుమ్మం అని చెప్పడమే.

ఫైలులో ఎక్కడ ఉంటుంది?

మనం ఎక్కువగా వాడే జేపెగ్ ఫైలును ఒక గూడ్సు రైలు అనుకోండి. కంప్యూటరు దాన్ని అంకెల వరుసగా చదువుతుంది. మొదటి రెండు అంకెలు 255, 216. అవి ‘ఇక్కడ బొమ్మ మొదలు’ అని చెబుతాయి. చివరి రెండు 255, 217. అవి గార్డు పెట్టె లాంటివి. ఈ రెండింటి మధ్య ఒక్కో పెట్టెకూ ఒక గుర్తు, ఆ వెంటనే దాని పొడవు రాసి ఉంటాయి. 255, 225 అనే గుర్తు ఉన్న పెట్టెలోనే ఎగ్జిఫ్ సమాచారం కూర్చుంటుంది. పొడవు చెప్పడానికి రెండు బైట్లే కేటాయించారు కాబట్టి ఒక పెట్టె 65,535 బైట్లను మించదు. అసలు బొమ్మ తాలూకు దత్తాంశం వేరే పెట్టెల తరువాత వస్తుంది.

ఈ అమరిక మనకు ఒక మేలు చేస్తుంది. ఎగ్జిఫ్ పెట్టెను రైలు నుంచి విడదీసి మిగిలినవాటిని మళ్లీ జతచేస్తే చాలు, బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు. నాణ్యత తగ్గదు. కొందరు ఫోటోను తెరిచి మళ్లీ ‘సేవ్’ చేస్తే సమాచారం పోతుందనుకుంటారు. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ సమాచారాన్ని అలాగే ఉంచేస్తాయి. పైగా జేపెగ్‌ను మళ్లీ కుదించడం వల్ల బొమ్మ కొంత చెడుతుంది.

ఆ పెట్టెలో ఇంకేమేమి ఉంటాయి? కెమెరా తయారీదారు, నమూనా పేరు ఉంటాయి. కొన్ని కెమెరాల్లో వరుస సంఖ్య కూడా ఉంటుంది. వేర్వేరు పేర్లతో పెట్టిన రెండు ఫోటోలు ఒకే కెమెరావని దాని వల్ల తెలిసిపోతుంది. ఇంకా 160 చుక్కల వెడల్పు, 120 చుక్కల ఎత్తు ఉన్న చిన్న నమూనా బొమ్మ ఒకటి తరచుగా ఉంటుంది. మీరు ఫోటోలో ఒక మనిషిని కత్తిరించి తీసేశారనుకోండి. సాఫ్ట్‌వేరు ఈ చిన్న బొమ్మను కూడా మార్చకపోతే, తీసేసిన మనిషి అందులో నిలబడే ఉంటాడు.

ఏం జరుగుతుంది?

2012 డిసెంబరులో జరిగిన ఒక సంఘటన చెబుతాను. యాంటీవైరస్ సాఫ్ట్‌వేరు రంగంలో పేరుపొందిన జాన్ మెకఫీ, మధ్య అమెరికాలోని బెలీజ్ దేశంలో పొరుగువాని మృతి విషయంలో పోలీసులు ప్రశ్నించాలనుకోవడంతో అజ్ఞాతంలోకి వెళ్లాడు. అతనితో ఉన్న ‘వైస్’ పత్రిక ప్రతినిధులు ఒక ఫోటో ప్రచురించారు. దాన్ని ఐఫోనుతో తీశారు. ఫైలులోని అక్షాంశ రేఖాంశాలు ఎవరూ తీయలేదు. అతను గ్వాటెమాలాలో ఉన్నాడని, ఏ చోట ఉన్నాడో కూడా చూసినవారందరికీ తెలిసిపోయింది. రెండు రోజుల్లో అతను అక్కడి అధికారులకు చిక్కాడు. కంప్యూటరు భద్రతతోనే జీవితం గడిపిన మనిషి స్థావరాన్ని ఒక్క ఫోటో బయటపెట్టింది.

మన ప్రాంతానికి సంబంధించిన మరో కోణం చూడండి. కడప జిల్లా చిట్టడవుల్లో కలివికోడి అనే అరుదైన పక్షి ఉంది. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ కనిపించింది. ఇలాంటి జీవి గూడు దగ్గర తీసిన ఫోటోను స్థానంతో సహా పంచుకుంటే, వేటగాడికి మనమే దారి చూపినట్లు అవుతుంది. అందుకే ప్రకృతి పరిశీలకులు ఫోటోలు పంచుకునే ‘ఐనాచురలిస్ట్’ వేదిక, ప్రమాదంలో ఉన్న జాతుల స్థానాన్ని అసలు చోట కాకుండా, డిగ్రీలో అయిదో వంతు విస్తీర్ణంలో ఎక్కడో ఒక చోట చూపిస్తుంది.

ఇప్పుడు మీ విషయానికి రండి. పాత సైకిలు అమ్మడానికి ఇంటి ముందు ఫోటో తీసి ముక్కూ ముఖం తెలియని వ్యక్తికి ఫైలుగా పంపిస్తారు. హాస్టలు గదిలో స్నేహితురాలి పుట్టినరోజు ఫోటోలు ఎవరికో లింకుగా ఇస్తారు. బడి వార్షికోత్సవంలో చిన్నపిల్లల ఫోటోలు, వాళ్ల ఇళ్ల దగ్గర అలంకరణ చేసుకుంటుండగా తీసినవి కూడా కలిపి ఒకే ఫోల్డరులో పెడతారు. ఈ మూడు సందర్భాల్లోనూ బయటపడే చిరునామా మీ ఒక్కరిదే కాదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారం విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఎదుటివారి గుమ్మాన్ని కాపాడటం మన మర్యాద కూడా.

ఏ దారిలో పోతుంది, ఏ దారిలో ఉంటుంది?

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి ఇతరులకు చూపే ప్రతిలో ఎగ్జిఫ్‌ను తీసేస్తాయి. కానీ మీరు ఎక్కించిన అసలు ఫైలు ముందు ఆ సంస్థ దగ్గరకు చేరుతుందని మరవకండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించబడి, సమాచారం పోతుంది. అదే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపితే అన్నీ అలాగే వెళతాయి. నాణ్యత తగ్గకూడదని మనం తరచూ చేసేది ఈ రెండోదే! ఈ-మెయిలు జోడింపులోనూ, పెన్‌డ్రైవులోనూ, డ్రైవ్ లింకులోనూ ఫైలు ఉన్నదున్నట్లే వెళుతుంది.

గుంపుగా తొలగించడం ఎలా?

మీ కళాశాల వార్షికోత్సవం అయింది. అయిదుగురి ఫోన్ల నుంచి 300 ఫోటోలు మీ చేతికి వచ్చాయి. వాటిని బయటివారికి పంపాలి. ఒక్కొక్కటీ తెరిచి తీసే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకని ఈ వరుసలో చేయండి.

మొదటి మెట్టు: అసలు ఫోటోలను ముట్టుకోవద్దు. వాటి నకలును ‘పంపడానికి’ అనే కొత్త ఫోల్డరులో పెట్టండి. తొలగించిన సమాచారం తిరిగి రాదు. పదేళ్ల తరువాత ఆ ఫోటో ఏ రోజున తీశారో మీకే కావలసి రావచ్చు.

రెండో మెట్టు: అడ్డం, నిలువు సంగతి చూసుకోండి. ఫోను నిలువుగా పట్టుకుని తీసినప్పుడు చాలా కెమెరాలు బొమ్మను అడ్డంగానే దాచి, ‘దీన్ని తిప్పి చూపించు’ అని ఎగ్జిఫ్‌లో ఒక అంకె రాస్తాయి. 1 అంటే ఉన్నదున్నట్లు. 6 అంటే గడియారపు ముల్లు దిశలో 90 డిగ్రీలు తిప్పి చూపాలి. మొత్తం సమాచారాన్ని తీసేస్తే ఆ అంకె కూడా పోయి, మనుషులు పక్కకు ఒరిగి కనిపిస్తారు. కాబట్టి ముందుగా బొమ్మను నిజంగా తిప్పి ఉంచాలి, లేదా ఆ ఒక్క అంకెను మాత్రం మిగల్చాలి.

మూడో మెట్టు: తొలగింపు. విండోస్ కంప్యూటరులో అన్ని ఫోటోలనూ ఒకేసారి ఎంచుకుని, మౌసు కుడి మీట నొక్కి ‘ప్రాపర్టీస్’లోకి, అందులో ‘డీటెయిల్స్’లోకి వెళ్లండి. అడుగున ‘రిమూవ్ ప్రాపర్టీస్ అండ్ పర్సనల్ ఇన్ఫర్మేషన్’ అని ఉంటుంది. అక్కడ ‘సాధ్యమైన వివరాలన్నీ తీసేసిన నకలు’ తయారుచేయమని అడగవచ్చు. ‘సాధ్యమైన’ అన్న మాటను గమనించండి. అన్నీ పోతాయన్న హామీ అందులో లేదు.

ఇంతకంటే శక్తిమంతమైనది ‘ఎగ్జిఫ్‌టూల్’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. ఫిల్ హార్వే దీన్ని 2003లో మొదలుపెట్టారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. దీనికి బొమ్మల తెర ఉండదు, ఆజ్ఞ టైపు చేయాలి. సాఫ్ట్‌వేరు పేరు, ఖాళీ, మైనస్ గుర్తు, ‘ఆల్’ అనే మాట, సమాన గుర్తు, మళ్లీ ఖాళీ, తరువాత ఫోల్డరు పేరు - ఇంతే ఆజ్ఞ. ‘అన్నీ సమానం శూన్యం’ అన్నట్లుగా చదువుకోండి. సమాన గుర్తు తరువాత ఖాళీ తప్పనిసరి. లేకపోతే ఫోల్డరు పేరునే విలువగా అనుకుంటుంది. స్థానం మాత్రమే పోయి మిగిలినవి ఉండాలంటే ‘ఆల్’ బదులు జీపీఎస్ వర్గాన్ని పేర్కొనవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎగ్జిఫ్‌టూల్ జాగ్రత్త కోసం పాత ఫైలును కూడా, పేరు చివర ‘ఒరిజినల్’ అన్న తోక తగిలించి, అదే ఫోల్డరులో ఉంచుతుంది. మీరు ఫోల్డరు మొత్తాన్ని కట్టగట్టి పంపితే, శుభ్రం చేసిన 300తో పాటు చేయని 300 కూడా వెళతాయి! వాటిని వేరుచేశాకే పంపండి. అలాగే రంగుల వివరణ పట్టిక కూడా ‘అన్నీ’లో భాగమే కాబట్టి కొన్ని ఫోటోల రంగులు కొద్దిగా మారినట్లు కనిపించవచ్చు. అచ్చుకు పంపే ఫోటోలైతే ఆ పట్టికను మినహాయించమని చెప్పాలి.

నాలుగో మెట్టు: సరిచూడటం. చాలామంది పది ఫోటోలు తెరిచి చూసి ‘బాగానే ఉంది’ అంటారు. ఇది ఎంతవరకు నమ్మదగింది? మీ సంభావ్యత పాఠం ఇక్కడ పనికొస్తుంది. 300 ఫోటోల్లో 6 మాత్రం శుభ్రం కాకుండా మిగిలాయనుకోండి. వేరే రకం ఫైళ్లు కావడం వల్లనో, రాయడానికి వీల్లేకుండా తాళం పడి ఉండటం వల్లనో అలా జరగవచ్చు. యాదృచ్ఛికంగా పది తీస్తే, వాటిలో ఆ ఆరింటిలో ఒక్కటీ రాకపోయే సంభావ్యత 300లో 294, 299లో 293, ఇలా పది భిన్నాల లబ్ధం. అది దాదాపు 0.81. అంటే నూటికి 81 సార్లు మీ పరీక్ష తప్పును పట్టుకోలేదు. అందుకే పరీక్ష కూడా యంత్రానికే అప్పగించండి. ఏ ఫైళ్లలో జీపీఎస్ ఇంకా ఉందో జాబితా ఇవ్వమని ఎగ్జిఫ్‌టూల్‌ను అడగవచ్చు. జాబితా ఖాళీగా వస్తేనే పని పూర్తయినట్లు.

అయిదో మెట్టు: ఫైళ్ల పేర్లు. అనేక ఫోన్లు ఫైలు పేరులోనే తేదీ, గంట, నిమిషం పెడతాయి. లోపలి రాత తీసినా పైన పేరు చెబుతూనే ఉంటుంది. అన్నిటికీ 1, 2, 3 అని కొత్త పేర్లు పెట్టండి.

రోగం వచ్చాక మందు కంటే రాకుండా చూసుకోవడం మేలు కదా. ఫోనులో కెమెరాకు లొకేషన్ అనుమతి తీసేస్తే ఇకపై తీసే ఫోటోల్లో స్థానం రాదు. పాత ఫోటోలు మాత్రం మారవు. ఐఫోనులో అయితే 2019 నుంచి, పంపే సమయంలో ‘ఆప్షన్స్’లోకి వెళ్లి లొకేషన్‌ను ఆపే వీలుంది.

ఎప్పుడు తీయకూడదు?

ప్రతి మెటాడేటా శత్రువు కాదు. రోడ్డు ప్రమాదం, వేధింపు, ఆస్తి తగాదా వంటి విషయాల్లో ఫోటో సాక్ష్యం కావచ్చు. అప్పుడు అసలు ఫైలును యథాతథంగా ఉంచాలి. తేదీ, సమయం లేని ఫోటో బలహీనమైన సాక్ష్యం. మొక్కలు, పక్షులు, శిలల మీద ప్రాజెక్టు చేస్తున్నవారికి స్థానమే సగం ఫలితం. అలాగే మరొకరు తీసిన ఫోటోలో వారి పేరు, హక్కుల వివరాలు ఉంటే వాటిని చెరిపే అధికారం మనకు లేదు. తెలిసి, అనుమతి లేకుండా హక్కుల సమాచారాన్ని తొలగించడాన్ని 2012 సవరణ తరువాత మన కాపీరైట్ చట్టం నేరంగా పరిగణిస్తోంది.

ఇంకొక పరిమితి కూడా తెలుసుకోవాలి. మెటాడేటా తీసినంత మాత్రాన ఫోటో పూర్తిగా మూగది కాదు. వెనుక గోడ మీద బడి పేరు, బండి నంబరు, యూనిఫారం మీద గుర్తు బొమ్మలోనే ఉంటాయి. అంతేకాదు, ప్రతి కెమెరా సెన్సరులోనూ తయారీలో వచ్చే అతి సూక్ష్మమైన తేడాలు ఉంటాయి. అవి ప్రతి ఫోటో మీదా వేలిముద్ర లాంటి జాడను వదులుతాయి. ఆ జాడతో ఫలానా ఫోటో ఫలానా కెమెరాదని గుర్తించవచ్చని అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో చూపించారు. పెట్టె విప్పి తీసేయడానికి ఇది పెట్టెలో లేదు, బొమ్మలోనే కలిసిపోయి ఉంది.

మీరు చేయవలసిన పని

ఈ వారంలో మీ ఫోనులోంచి ఇంట్లో తీసిన ఒకటి, కళాశాలలో తీసిన ఒకటి, ప్రయాణంలో తీసిన ఒకటి, ఇలా మూడు ఫోటోలు తీసుకోండి. వాటి వివరాలు తెరిచి, కనిపించిన ప్రతి అంశాన్నీ నోటు పుస్తకంలో పట్టికగా రాయండి. వాటిని వాట్సాప్‌లో ఒకసారి ఫోటోగా, ఒకసారి డాక్యుమెంటుగా ఇంట్లోవారి ఫోనుకే పంపి, అందుకున్న ఫైళ్లలో ఏం మిగిలిందో పక్క గడిలో రాయండి. రెండు గడుల మధ్య తేడా మీకు ఈ పాఠమంతా మళ్లీ చెబుతుంది.

ఆ పట్టికలో మీ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తే కంగారు పడవద్దు. ఇంతకుముందు ఆ ఫోటోను ఎవరెవరికి పంపారో ఒకసారి గుర్తుచేసుకోండి. ఇకమీదట పంపేముందు వెనక్కి తిప్పి చూడండి. ఇంట్లో ఫోను వాడే అమ్మానాన్నలకూ, అమ్మమ్మ తాతయ్యలకూ ఎలా చూడాలో నేర్పండి. సెలవు.